గండిపేటలో పక్షులన్నీ నల్లగా కనిపిస్తుంటే

హైదరాబాద్ పక్కనున్న గండిపేట చెరువు దగ్గర పక్షుల్ని చూద్దామని పొద్దున తొమ్మిదింటికి పడమటి గట్టున మొదలుపెట్టి నాలుగు గంటలు నడిచినా అన్నీ నల్ల నీడల్లాగే కనిపించాయనీ, కొత్త బైనాక్యులర్ కొనాలా అనీ అడిగారు. వద్దండీ, డబ్బులు దాచుకోండి. మీ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) బంగారం లాంటిది. చిక్కంతా ఎండతోనే.

పొద్దున పడమటి గట్టున నిలబడితే సూర్యుడు సరిగ్గా మీ కళ్లలోకి కొడతాడు. గండిపేట ఆనకట్ట తూర్పున ఉంది కదా, ఆరింటికల్లా అటువైపు చేరండి. వెలుగు మీ వీపు వెనకనుంచి వెళ్లి పక్షి మీద పడుతుంది, రెక్కల రంగులు విడివిడిగా తెలుస్తాయి. పడమటి గట్టు సాయంత్రానికి. మధ్యాహ్నం ఎండలో నడక శుద్ధ దండగ, ఏ చెట్టు కిందో పులిహోర తినండి.

ఇక రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న ఆ పక్షి నీటికాకా, పాముమెడ పక్షా అన్నారు. రెండూ అలాగే ఆరబెట్టుకుంటాయి, అందుకే తికమక. ముక్కు చూడండి: నీటికాకికి కొస కొక్కెంలా వంగి ఉంటుంది, రెండోదానికి బల్లెంలా సూటిగా ఉంటుంది. ఈదేటప్పుడైతే పాముమెడది ఒళ్లంతా నీళ్లలో మునిగి సన్నటి మెడ ఒక్కటే పైకి కనిపిస్తుంది. మొదటిసారి నేను నిజంగా పామనే అనుకుని రెండడుగులు వెనక్కి వేశాను!

ఇంకోటి, తీతువు అరిచిందంటే మిమ్మల్ని చూసి మిగతా పక్షుల్ని హెచ్చరిస్తోందన్నమాట, అక్కడే ఆగిపోండి. మీరు కదిలితే కొంగలన్నీ లేచిపోతాయి. వేసవిలో తీతువు నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, కాస్త కింద చూసి నడవండి.