రూల్ 30: ఒకే నియమం, రెండు బొమ్మలా?

ప్రశ్న: గ్రాఫ్ కాగితంపై నేనూ మా అబ్బాయీ రూల్ 30 (పై వరుసను బట్టి కింది వరుస గడులను నలుపో తెలుపో చేసే నియమం) వేశాం. ఇద్దరికీ వేర్వేరు బొమ్మలు వచ్చాయి. తప్పెక్కడ?

జవాబు: ముందు నియమం సరిచూసుకోండి. ఒక్కో గడి నింపడానికి పై వరుసలో సరిగ్గా దాని మీదున్న గడి (మధ్య), దానికి ఎడమ, కుడి గడులు చూడాలి. ఎడమది తెలుపైతే, మిగతా రెండింట్లో ఒక్కటి నలుపైనా కింది గడి నలుపు. ఎడమది నలుపైతే, మిగతా రెండూ తెలుపుంటేనే నలుపు. అంతే!

ఒక్క నల్ల గడితో మొదలుపెడితే (1 నలుపు, 0 తెలుపు) తర్వాతి వరుసలు 111, 11001, 1101111 రావాలి. అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తే ఎడమ కుడి తారుమారైనట్టే. ఎక్కువమంది చేసే పొరపాటు వేరు: పై వరుసకు బదులు, అప్పుడే నింపిన పక్క గడిని చూడటం. ఒక్క గడి తప్పినా ఆ తేడా వరుసకో గడి చొప్పున కుడివైపు పాకుతుంది. తుడిచి సర్దలేం, ఆ వరుస నుంచి మళ్లీ వేయాల్సిందే.

32 వరుసలకు 63 గడుల వెడల్పు కావాలి. కాగితం చాలకపోతే అంచు నుంచీ బొమ్మ చెడుతుంది. ఎడమ అంచున ఏటవాలు చారలు క్రమంగా కనిపిస్తాయి, కుడివైపంతా గజిబిజే. శాస్త్రవేత్త స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ 1983లో పరిచయం చేసిన ఈ నియమపు నడిమి నిలువు వరుసను ‘మాథమాటికా’ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలకు వాడారు.