పైపు రూటుకు మిగ్: ఎక్స్‌రేలో బాగున్న అతుకు బెండ్ టెస్టులో ఎందుకు విడిపోతోంది?

ప్రశ్న: ఆరంగుళాల కార్బన్ స్టీలు పైపులకు టిగ్‌తో (కరగని టంగ్‌స్టన్ కొనతో చేసే వెల్డింగు) వేసే రూట్ పాస్‌ను, అంటే అతుకు అడుగున వేసే మొదటి వరుసను, పని వేగం కోసం మిగ్‌కు (మెషీను అందించే వైరే కరిగి అతుకులో పడే వెల్డింగు) మార్చి చూస్తున్నాము. లోపలి నుంచి చూస్తే రూటు నున్నగా ఉంది, ఎక్స్‌రేలోనూ దోషం కనబడలేదు. కానీ అతుకు ముక్కను వంచి చూసే బెండ్ టెస్టులో బెవెల్ (పైపు చివర ఏటవాలుగా కోసిన భాగం) అంచు వెంబడి విడిపోతోంది. కరెంటును తానే నియంత్రించుకునే కొత్త మెషీను కొంటే సమస్య తీరుతుందా?

జవాబు: మీ వివరణను బట్టి ఇది కోల్డ్ ల్యాప్ కావచ్చు, అంటే కరిగిన లోహం బెవెల్ గోడను కరిగించకుండానే దాని మీద పరుచుకుని గట్టిపడటం. సాధారణ షార్ట్ సర్క్యూట్ మిగ్‌లో వైరు కొన సెకనుకు సుమారు 20 నుంచి 200 సార్లు పూల్‌ను (కరిగిన లోహపు మడుగును) తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఆర్క్ (వైరుకూ పైపుకూ మధ్య వెలిగే విద్యుత్ మంట) ఆరిపోతుంది కనుక గోడలకు అందే వేడి తక్కువ. ఇంత పలుచని దోషం ఎక్స్‌రే కిరణాల దిశకు సరిపడా అమరకపోతే ఫిల్ములో పడదు. వెల్డింగ్ అర్హతలకు సంబంధించిన అమెరికన్ కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 కూడా ఈ పద్ధతిలో వెల్డరు అర్హత పరీక్షకు బెండ్ టెస్టు బదులు రేడియోగ్రఫీని (ఎక్స్‌రే పరీక్షను) ఒప్పుకోదు.

లింకన్ వారి ఎస్‌టీటీ, మిల్లర్ వారి ఆర్‌ఎండీ వంటి మెషీన్లు వైరు పూల్ నుంచి విడిపోయే ముందు క్షణంలో కరెంటును తగ్గిస్తాయి. అందువల్ల బొట్టు చిమ్మకుండా పూల్‌లో కలిసిపోతుంది, ఆర్క్ తిరిగి వెలిగాక ఎంత వేడి ఇవ్వాలో కూడా మెషీనే నియంత్రిస్తుంది. మేలు నిజమే, అయితే ఫిట్-అప్ (వెల్డుకు ముందు పైపు చివరలను అమర్చిన తీరు) సరిగా లేని జాయింటును ఏ మెషీనూ సరిదిద్దదు.

ముందు రెండు పైపుల మధ్య గ్యాప్ చూడండి. దాదాపు 3 మి.మీ. గ్యాపు, 1.5 మి.మీ. మించని ల్యాండు (బెవెల్ అడుగున ఏటవాలుగా కోయకుండా వదిలిన అంచు) ఉంచి, ప్రతి ట్యాక్ (పైపులను ముందుగా పట్టి ఉంచే చిన్న అతుకు) రెండు చివరలనూ పలుచగా అయ్యేలా గ్రైండ్ చేయించండి. వెల్డు చల్లబడి కుంచించుకునే కొద్దీ మిగిలిన గ్యాపు మూసుకుపోతుంది కాబట్టి మొదట సరిపోయిన గ్యాపు చివరి పావు భాగానికి వచ్చేసరికి చాలకపోవచ్చు. బెండ్ ముక్కలు ఎక్కువగా ఎక్కడ విడిపోతున్నాయో గమనించారా? చివరి భాగంలోనే అయితే కారణం ఇదే కావచ్చు. పై నుంచి కిందికి వేసేటప్పుడు ఆర్క్‌ను పూల్ ముందు అంచున నిలపాలి. పూల్ ఆర్క్‌ను దాటి జారితే కోల్డ్ ల్యాప్ వస్తుంది, ఆర్క్ మరీ ముందుకు పోతే వైరు గ్యాపులోంచి దూరి లోపల ముళ్లలా మిగులుతుంది. ఆపిన చోట గ్రైండింగ్ లేకుండా తిరిగి మొదలుపెట్టనివ్వకండి.

టిగ్‌కు అర్హత పొందిన ప్రొసీజర్ (రాసిపెట్టుకున్న వెల్డింగ్ విధానం) మిగ్‌కు చెల్లదు. షార్ట్ సర్క్యూట్‌తో రూటు వేసి, పై వరుసలను మిగ్‌లోనే వేరే రకాలైన స్ప్రే లేదా పల్స్‌తో నింపదలిస్తే, ప్రొసీజర్ ఆ రెండు రకాలకూ అర్హత పొంది ఉండాలి.

మెషీను కొనే ముందు ఇప్పుడున్న దానితోనే సరైన ఫిట్-అప్‌తో ఒక పైపు ముక్కకు వెల్డు వేయించి, ఆపి మొదలుపెట్టిన చోట, చివరి పావు భాగంలో అడ్డంగా కోసి, పాలిష్ చేసి ఎచింగ్ (యాసిడ్ పూసి వెల్డు హద్దులు కనబడేలా చేయడం) చేయించండి. గోడ కరిగిందో లేదో అక్కడ కంటికే కనిపిస్తుంది.