ఊరివాళ్లు నటించిన స్టూడెంట్ సినిమాలో ఏ టేక్ ఉంచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. ఎచ్చెర్ల తీరంలో, వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లిన భర్త ఫోన్ కోసం ఎదురుచూసే ఆవిడ కథ తీశారు. పదిహేను నిమిషాల సినిమా, నటులంతా ఊరివాళ్లే, షాట్‌కి ఆరు నుంచి ఎనిమిది టేకులు. డైలాగు తప్పులేకుండా వచ్చిన టేక్ పెట్టాలా, మనసుకు పట్టిన టేక్ పెట్టాలా అని అడిగారు. ఫోన్ సీన్ నాలుగో టేక్‌లో ఆ పాత్ర వేసినావిడ నిజంగానే ఏడ్చేశారనీ, స్నేహితులంతా అదే పెట్టమంటున్నారనీ రాశారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

కొన్నేళ్ల కిందట మేం పలాసలో ఇలాంటి సినిమానే తీశాం. జీడిపిక్కల పనికి వెళ్లే ఒక తల్లి, కూతురి ఫీజు కోసం గుమస్తాని అడ్వాన్సు అడుగుతుంది. తల్లిగా చేసినావిడ నిజంగా ఆ పనే చేస్తారు. మేమంతా పిన్నీ అని పిలిచేవాళ్లం. అడ్వాన్సు అడిగే సీన్ ఏడు టేకులు తీశాం. మూడోదాంట్లో అన్నీ కుదిరాయి: వెలుగు, ఫోకస్, డైలాగు. "మా పాపకి ఫీజు కట్టాలండి, డబ్బులు లేవండి" అని రాసింది రాసినట్టు చెప్పారు. అయిదోదాంట్లో డైలాగు మర్చిపోయారు. తల దించుకుని, జీడి నూనె అంటి నల్లబడిన బొటనవేలిని చీర కొంగుతో రుద్దుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి "గుంటకి ఫీజు కట్టాల బాబూ, డబ్బుల్నేవు" అన్నారు. సరిగ్గా అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు కూత. నేను కట్ చెప్పి, ఇంకో టేక్ అన్నాను.

ఎడిటింగ్‌లో మూడో టేకే పెట్టాను. అలా కూర్చిన తొలి సినిమాని పిన్ని ఇంట్లోనే లాప్‌టాప్‌లో చూపించాం. అంతా చూసి ఆవిడ నెమ్మదిగా, "బాగుంది గానీ బాబూ, ఇది నేను కాదు, టీవీలోవాళ్లు మాటాడినట్టుంది" అన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్లి ఏడు టేకులూ మళ్లీ విన్నాను. చూడలేదు, కళ్లు మూసుకుని విన్నాను. కెమెరా ముందు "లేవండి" అంటున్న మనిషి, మనసు సీన్లో ఉన్నప్పుడు "నేవు" అంటోంది. అయిదో టేక్ అలా బయటపడింది.

మీకు నేను చెప్పగలిగే ముఖ్యమైన మాట ఇదే. మన శ్రీకాకుళం జిల్లావాళ్లు కెమెరా కనబడగానే పుస్తకాల తెలుగులోకో, సినిమా తెలుగులోకో మారిపోతారు. వాళ్ల నోట వాళ్ల మాట మళ్లీ ఎక్కడ వచ్చిందో ఆ టేక్‌ని పక్కన పెట్టుకోండి. నటన బాగుందా లేదా అన్నది మనకి అంత సులువుగా తెలియదు గానీ, "లేదు"కీ "నేదు"కీ తేడా ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది.

చేతులు కూడా చూడండి. ముఖం జాగ్రత్త పడుతుంది, చేతులు పడవు. వల అల్లుతూ మాట్లాడే షాట్ ఉంటే, ఏ టేక్‌లో చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయో గమనించండి. మేం యాక్షన్ చెప్పకముందు, కట్ చెప్పాక దొరికిన ముక్కలు కూడా రెండు మూడు వాడుకున్నాం. అందుకే క్లాప్ ముందూ వెనకా ఉన్నది కత్తిరించి పారేయకండి.

పాడైన టేక్ అంటే ఏమిటో కూడా తెలియాలి. మాట పగిలి రికార్డయితే బాగుచేయడం దాదాపు అసాధ్యం. ముఖం ఫోకస్‌లో లేకపోయినా అంతే. ట్యూబ్‌లైట్ కింద తీసినవాటిలో ఫ్లికర్, అంటే వెలుగు మిణుకుమిణుకుమనడం, ఉందేమో పెద్ద స్క్రీన్ మీద చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/60 వంతు పెట్టి తీసినవి అదురుతుంటాయి. కొంచెం చీకటిగా ఉంటే ఎడిటింగ్‌లో రంగులు సరిచేసేటప్పుడు లేపుకోవచ్చు. బయటి చప్పుడుకీ దారి ఉంటుంది. మా రైలు కూత, షాట్ మారే కట్ దగ్గర ఠక్కున తెగిపోయి ఇబ్బంది పెట్టింది. విడిగా రికార్డు చేసుకున్న రైలు శబ్దాన్ని సీన్ మొదటి నుంచి చివరి దాకా కింద పరిచాం. పలాసలో రైలు కూయడం ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

కంటిన్యుటీ గురించి, అంటే ఒక షాట్‌లో ఉన్నవి తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉన్నాయా అని, మరీ బెంగ వద్దు. మా రెండో టేక్‌లో పిన్ని ముందు పిక్కల రాశి మోకాలెత్తు ఉంది, అయిదో టేక్‌కి సగమైంది. నేను రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను, చూసినవాళ్లెవరూ పట్టుకోలేదు. వాల్టర్ మర్చ్ అనే హాలీవుడ్ ఎడిటర్ మంచి కట్‌కి ఆరు కొలతలు పెట్టి, వాటిలో భావోద్వేగానికి 51 శాతం, కథకి 23, లయకి 10 ఇచ్చాడు. మనుషులూ వస్తువులూ ఎక్కడున్నాయన్న లెక్కకి అన్నిటికన్నా చివరగా 4 శాతమే. ఆయన చెప్పింది ఎక్కడ కట్ వేయాలన్నదాని గురించి గానీ, టేకులు ఎంచుకునేటప్పుడూ నాకు అది ధైర్యమిచ్చింది.

వీలైతే షూటింగ్ అయ్యాక ఓ వారం ఫుటేజీ ముట్టకండి. మేం ట్రాలీ దొరక్క తోపుడు బండి మీద కెమెరా పెట్టి, ఎండలో పదకొండోసారికి సాధించిన షాట్ ఒకటుంది. సినిమాకి అది అక్కర్లేదని ఒప్పుకోడానికి నాకు నెల పట్టింది. వారం తర్వాత చూసేటప్పుడు మొదటిసారి ఏమనిపించిందో ఒక్క ముక్కలో కాగితం మీద రాసుకోండి. పదిసార్లు చూశాక ఆ మొదటి స్పందన మళ్లీ రాదు.

ఇక ఏడ్చిన టేక్. మాకూ ఉంది, ఆరోది. ఫీజు మాట అంటుండగా పిన్నికి సొంత కూతురు చదువు మానేసిన సంగతి గుర్తొచ్చింది. మేం రాసిన తల్లి కాదు, ఆవిడే ఏడ్చారు. సినిమాలో పెడితే హాలంతా కదిలిపోయేది. అడిగితే, "అది ఒగ్గెయ్ బాబూ" అన్నారు, వదిలెయ్యమని. ఒగ్గేశాం. అయిదో టేక్‌లో కన్నీళ్లు లేవు, అయినా ఆ తల్లి పరిస్థితి మొత్తం ఆ బొటనవేలి దగ్గరే కనిపించింది.

మీ నాలుగో టేక్ గురించి ముందు ఆవిణ్ణే అడగండి. ఫోన్లో కాదు, వెళ్లి చూపించి అడగండి. ఇంట్లో పదిమంది ఉన్నప్పుడు మొహమాటానికి సరే అంటారు కాబట్టి, ఆవిడ ఒక్కరే తీరిగ్గా ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. వద్దంటే మిగతా టేకుల్లో ఫోన్ పెట్టేశాక ఆవిడ చేతులు ఏం చేశాయో వెతకండి.