పోలరైజ్డ్ కళ్ళజోడు మధ్యాహ్నం పనిచేసి సాయంత్రం ఎందుకు పనిచేయట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూడున్నరకి విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద వెళ్తుంటే కొత్త కళ్ళజోడుతో నీళ్ళ మెరుపు మాయమవుతోంది, ఐదున్నరకి అదే నీళ్ళు కళ్ళలో పొడుస్తున్నాయి, పైగా ఫోను తిప్పితే స్క్రీను నల్లబడుతోంది, కాబట్టి షాపువాడు మోసం చేశాడేమో అని. మోసమేం లేదండీ. మీరు చెప్పినవన్నీ అద్దాలు అసలైనవే అనడానికి సాక్ష్యాలు. నేను గవర్నర్‌పేటలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను, ఇల్లు తాడేపల్లిలో. ఆ మెరుపు నాకూ రోజూ ఉండేదే.

ఎండ నేరుగా వచ్చేటప్పుడు వెలుగు అన్ని దిక్కుల్లోనూ కంపిస్తూ వస్తుంది. నీటి మీద పడి తిరిగి లేచేసరికి అందులో అడ్డంగా కంపించేదే ఎక్కువ మిగులుతుంది. ఎంత ఎక్కువ అన్నది ఎండ ఏ వాలులో పడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నీటికైతే నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల వాలులో పడినప్పుడు తిరిగొచ్చేదంతా అడ్డం వెలుగే. దీన్నే బ్రూస్టర్ కోణం అంటారు. అంటే సూర్యుడు దిగంతానికి 37 డిగ్రీల ఎత్తులో ఉండాలి. మన దగ్గర అది సూర్యాస్తమయానికి రెండున్నర, మూడు గంటల ముందు. మీ మూడున్నర సరిగ్గా అక్కడే పడింది. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు సూర్యుడు 10 డిగ్రీలకి దిగిపోతాడు. అప్పుడు నీళ్ళ మీంచి లేచే వెలుగులో దాదాపు మూడో వంతు నిలువుగా కంపించేదే ఉంటుంది, పైగా మొత్తం మెరుపే ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ అద్దాలు పోలరైజ్డ్, అంటే అడ్డం వెలుగునే తాగుతాయి, నిలువు వెలుగుని వదిలేస్తాయి. ఐదున్నరకి మీ కంట్లో పొడిచేది అదే.

తాగడం అన్నది మాటవరసకి కాదు. లెన్సులో ఉండే పలచని ప్లాస్టిక్ ఫిల్మ్‌ని ఒక దిక్కుకి సాగదీసి అయోడిన్ పట్టిస్తారు. అయోడిన్ అణువులు ఆ సాగిన దిక్కులోనే పొడవాటి గొలుసుల్లా నిలుస్తాయి. గొలుసు వెంబడి కంపించే వెలుగుని అవి పీల్చేసుకుంటాయి, అడ్డంగా కోసుకుపోయేది దాటిపోతుంది. పుస్తకాల్లో కిటికీ నిలువు ఊచల మధ్య నుంచి నిలువుగా ఊగే తాడు అల దాటిపోయే బొమ్మ వేస్తారు చూడండి, ఇక్కడ అది తిరగబడుతుంది: మీ లెన్సులో గొలుసులు అడ్డంగా ఉంటాయి, దాటేది నిలువు వెలుగు. ఆ బొమ్మ పట్టుకుని వచ్చే ఇంటర్ పిల్లలకి ఇది ఒప్పించడం నాకో పని.

మామూలు నల్లద్దం అలా కాదు, ఏ దిక్కు వెలుగునైనా ఒకేలా తగ్గిస్తుంది. అందుకే తేడా కనిపెట్టడం తేలిక. ఫోను, పెట్రోలు బంకు మీటరు, బండి డిజిటల్ మీటరు, వీటి తెరల మీదా ఇలాంటి ఫిల్మే ఉంటుంది. కళ్ళజోడు పట్టుకుని తిప్పితే ఒక చోట తెర చీకటైపోయిందా, పోలరైజ్డే. ఎటు తిప్పినా ఒకేలా ఉంటే వట్టి రంగద్దం. ఎండలో నిలబెట్టిన కారు వెనకద్దం మీద మచ్చలు మచ్చలుగా కనిపిస్తే ఇంకా మంచి గుర్తు. గాజుని వేడిచేసి గట్టిపరిచినప్పుడు అందులో నిలిచిపోయిన ఒత్తిళ్ళు అవి.

ఇంత డబ్బు పెట్టారు కాబట్టి ఒకరోజు మూడున్నరకే బండి సీతానగరం ఘాట్ దగ్గర ఆపండి. ఎండ వచ్చే దిక్కుకి తిరిగి, నీళ్ళు తేటగా ఉన్న రోజు చూస్తే రెండో మెట్టు, మూడో మెట్టు, వాటి అంచున పట్టిన పాచి, మధ్యలో పడున్న చిల్లర నాణేలు కూడా కనిపిస్తాయి. తల పక్కకి వాల్చండి, మెట్లు పోయి తెల్లటి మెరుపొచ్చి కప్పేస్తుంది. వరద రోజుల్లో వెళ్తే మాత్రం మెరుపు తీసేసినా కింద ఎర్ర నీళ్ళే. ఒండ్రుమట్టి రేణువులు వెలుగుని లోపలే చెదరగొట్టి పైకి పంపేస్తాయి, దానికి ఈ అద్దం ఏమీ చేయలేదు.

1921లో సి.వి.రామన్ ఓడలో మధ్యధరా సముద్రం మీదుగా వస్తూ చేసింది ఇలాంటి పనే. విశాఖలో పెరిగినాయన కదా, సముద్రం ఆయనకి కొత్త కాదు. సముద్రపు నీలం ఆకాశం ప్రతిబింబమేనని అప్పటికి ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ లాంటి పెద్దవాళ్ళ మాట. రామన్ నికోల్ ప్రిజం (ఒక దిక్కున కంపించే వెలుగునే పోనిచ్చే స్ఫటికం) అడ్డం పెట్టి, బ్రూస్టర్ కోణంలో చూసి, ఆ ప్రతిబింబాన్ని తీసేశాడు. నీలం పోలేదు సరికదా చిక్కబడింది. నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయని అక్కడ పట్టుకున్న దారి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దాకా, అంటే అణువులు చెదరగొట్టిన వెలుగులో కొంత రంగు మారుతుందని కనుక్కోవడం దాకా వెళ్ళింది.

ఇక కొనుగోలు సంగతి. పోలరైజ్డ్ అయినంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు ఆగుతాయని కాదు. దానికి యూవీ 400 అని విడిగా ఉండాలి, మీ బిల్లు మీద ఉందేమో చూసుకోండి. రాత్రి బండి మీద మాత్రం ఇవి వద్దు, ఉన్న వెలుగులో సగానికి పైగా పోతుంది. ఐదున్నర ప్రయాణానికి నన్నడిగితే కళ్ళజోడు మార్చక్కర్లేదు. హెల్మెట్‌కి ముందుకొచ్చే చూరులాంటి టోపీ అంచు తగిలించుకుంటే నేరుగా వచ్చే ఎండైనా ఆగుతుంది. నీళ్ళ మీది మెరుపు కింద నుంచి వస్తుంది కాబట్టి, తాడేపల్లి వైపు వస్తుంటే కుడి చేతి వైపు చూడకుండా రావడమే.