కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం చెప్పాలి

నలుగురు కోల్‌కతా వెళ్తున్నారు, అందులో ఇద్దరు శాకాహారులు. కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కి ఒక పూట పెట్టొచ్చా, అక్కడ కాఫీ నిజంగా అంత బాగుంటుందా అన్నది మీ ప్రశ్న. పూట తప్పకుండా పెట్టండి. కాఫీ మీద మాత్రం ఆశలు పెంచుకోకండి. చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్‌లో నురగ పాలు పోసుకునే అలవాటున్నవాళ్ళకి అక్కడి కాఫీ పలచగా అనిపిస్తుంది. ఆ హాలు, అక్కడ ఎంతసేపు కూర్చున్నా లేవమనని పద్ధతి, చుట్టూ ఉన్న పుస్తకాల వీధి, ఈ మూడింటి కోసం వెళ్ళాలి.

ముందు చిరునామా సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కోల్‌కతాలో ఇండియన్ కాఫీ హౌస్ పేరుతో ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. చాందినీ చౌక్ మెట్రో దగ్గర సెంట్రల్ అవెన్యూ మీద ఒకటి, జాదవ్‌పూర్‌లో మరొకటి ఉన్నాయి. ఫోన్‌లో మొదట కనిపించిన పేరు నొక్కి క్యాబ్ ఎక్కితే వేరేచోట దిగుతారు. మీకు కావలసింది 15, బంకిం ఛటర్జీ స్ట్రీట్. ప్రెసిడెన్సీ యూనివర్సిటీకి ఎదురుగా, కాలేజ్ స్ట్రీట్ నుంచి తూర్పుకి చీలే చిన్న వీధి అది. క్యాబ్ డ్రైవర్‌కి "ప్రెసిడెన్సీ కాలేజ్" అని చెబితే సులువుగా తెలుస్తుంది. గుమ్మం చిన్నది, చుట్టూ పుస్తకాల దుకాణాలు, పైకి మెట్లు. గొప్ప ముఖద్వారం కోసం వెతికితే దాటిపోతారు.

మెట్రోలో అయితే బ్లూ లైన్‌లో మహాత్మాగాంధీ రోడ్ స్టేషన్‌లో దిగి, ఎం.జి. రోడ్డు మీద తూర్పుగా నడవండి. కాలేజ్ స్ట్రీట్ కూడలిలో కుడికి తిరిగి కాస్త ముందుకెళ్తే ఎడమవైపు బంకిం ఛటర్జీ స్ట్రీట్ వస్తుంది. మొత్తం పది, పన్నెండు నిమిషాల నడక. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వస్తే హౌరాలో దిగుతారు కాబట్టి, హౌరా స్టేషన్ నుంచి గ్రీన్ లైన్ ఎక్కి, ఎస్ప్లనేడ్‌లో బ్లూ లైన్‌కి మారడం మంచి దారి. బస్సూ ఉంది, కానీ హౌరా వంతెన, బడాబజార్ రద్దీలో ఎంతసేపు పడుతుందో చెప్పలేం. పెట్టెలతో మాత్రం అక్కడికి వెళ్ళకండి. మెట్లెక్కాలి, బల్లల మధ్య చోటు తక్కువ. సామాను బసలోనో, హౌరా క్లోక్‌రూమ్‌లోనో పెట్టేసి రండి.

ఎప్పుడు వెళ్ళాలన్నదానికి నా సలహా: మామూలు పనిదినం, ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య. వారంలో ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు తెరిచి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసి, సాయంత్రం 5కి మళ్ళీ తెరుస్తారు. ఈ విరామం తెలియక మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి మూసిన తలుపు చూసి వచ్చేవాళ్ళు ఎందరో. పైగా ఆదివారం కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, కాబట్టి వెళ్ళినా సగం ప్రయోజనమే. దుర్గాపూజ రోజుల్లో వేళలు మారతాయి, ఆ వారంలో వెళ్తే ముందు వాకబు చేసుకోండి. సాయంత్రం నాలుగు తర్వాత కాలేజీలు వదిలాక హాలు కిక్కిరిసిపోతుంది. నలుగురికి ఒకేచోట కుర్చీలు దొరకడం అప్పుడు కష్టం.

కూర్చోవడం గురించి వివరంగా చెప్పాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గుమ్మం దగ్గర పేరు రాసుకునేవాళ్ళు ఉండరు, ఎవరూ మిమ్మల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టరు. మొదటి అంతస్తు హాల్లోకి నేరుగా వెళ్ళి ఖాళీ బల్ల మీరే చూసుకోవాలి. ఖాళీ లేకపోతే గుమ్మంలో నిలబడి ఎదురుచూసి లాభం లేదు. లోపలికి నడిచి, బిల్లు కట్టేస్తున్న బల్ల ఏదో చూసి, దాని పక్కన నిలబడండి. అక్కడ అది మర్యాదకి లోపమేమీ కాదు, అందరూ చేసేదే. నాలుగు కుర్చీల బల్ల దగ్గర ఇద్దరే ఉంటే "ఏఖానే బోష్తే పారి?" అని అడిగి కూర్చోవచ్చు. పరాయివాళ్ళతో బల్ల పంచుకోవడం ఆ చోటు అలవాటు, మీ బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చినా అలాగే చోటివ్వండి. హాలు నిండితే ఇంకో వరస మెట్లెక్కి పై బాల్కనీకి వెళ్ళండి. కటకటాల పక్క బల్ల దొరికితే కింది హాలంతా, గోడ మీది రవీంద్రుడి పెద్ద పటంతో సహా కనిపిస్తుంది. ఫొటోకి అంతకంటే మంచి చోటు లేదు. పక్కవాళ్ళ ముఖాలు దగ్గర్నుంచి తీయకండి, వాళ్ళు రోజూ వచ్చి కూర్చునేవాళ్ళు.

చప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఆ హాలు కాఫీ కోసం పుట్టింది కాదు, సభల కోసం. 1876లో అది ఆల్బర్ట్ హాల్. సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోస్ ఇండియన్ అసోసియేషన్ అనే రాజకీయ సంఘాన్ని ఆ ఏడాది జూలైలో అక్కడే ప్రారంభించారు. 1883లో జాతీయ సదస్సు కూడా ఆల్బర్ట్ హాల్లోనే జరిగింది. కాంగ్రెస్ పుట్టడానికి రెండేళ్ళ ముందు మాట ఇది. అంత ఎత్తు కప్పు, చుట్టూ బాల్కనీ, పొడవాటి రాడ్లకి వేలాడే ఫ్యాన్లు, ప్రతి మాటా తిరిగి మోగడం, అన్నీ అందుకే. ఏసీ ఉండదు కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ వరకు మధ్యాహ్నాలు వదిలేయండి. ఎండాకాలంలో ఫ్యాన్ కింది బల్ల వెతుక్కోండి. పెద్దవాళ్ళుంటే మెట్ల సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

1942లో కాఫీ బోర్డు అక్కడ కాఫీ దుకాణం పెట్టింది. 1957, 58 ప్రాంతంలో బోర్డు దేశమంతటా తన కాఫీ హౌస్‌లు మూసేస్తుంటే, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ చొరవతో కార్మికులు సహకార సంఘాలు పెట్టుకుని వాటిని నడపడం మొదలుపెట్టారు. కాలేజ్ స్ట్రీట్‌ది 1958లో మూతపడి, అధ్యాపకులు పట్టుబట్టడంతో అదే ఏడాది మళ్ళీ తెరుచుకుంది. ఇప్పటికీ నడిపేది కార్మికుల సంఘమే. ఒక్కో ప్రాంతానికి వేరే సంఘం కాబట్టి వంటకాలూ వేరు. తిరువనంతపురంలో బీట్‌రూట్ మసాలా దోశ తిన్నవాళ్ళు ఇక్కడ దోశ అడిగితే దొరకదు. ఇది పూర్తిగా బెంగాలీ కట్లెట్ల ఇల్లు.

తెల్ల బట్టలు, నడుముకి పట్టీ, తలపాగాతో తిరిగేవాళ్ళు వడ్డించేవాళ్ళు. ఒక్కొక్కరికి కొన్ని బల్లలు కేటాయించి ఉంటాయి. పక్క వరస ఆయన్ని ఎంత పిలిచినా రాకపోవడానికి కారణం అదే. మీ బల్ల ఎవరిదో చూసి చెయ్యెత్తి "దాదా" అనండి. చిటికెలు వేయకండి. కంగారు పెట్టినా పని తొందరగా కాదు. ఆర్డరు చెప్పాక కాఫీకి పది, పదిహేను నిమిషాలు, వేపుళ్ళకి అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని కూర్చోండి.

కాఫీల్లో ముందు ఇన్‌ఫ్యూజన్ చెప్పండి. పాలు లేని నల్ల కాఫీ, పొడిని వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టింది. పలచనే కానీ చేదు ఎక్కువుండదు, నెమ్మదిగా తాగడానికి బాగుంటుంది. చక్కెర వద్దంటే ఆర్డరు చెప్పేటప్పుడే "చిని ఛాడా" అనాలి, వచ్చాక చెప్పి లాభం లేదు. పాల కాఫీ మనవాళ్ళని నిరాశపరిచేది, దాన్ని వదిలేయడం మంచిది. ఎండగా ఉంటే కోల్డ్ కాఫీ నమ్మకంగా చెప్పొచ్చు.

మాంసాహారులు తినాల్సింది చికెన్ కబిరాజీ. కొట్టి పలచన చేసిన మాంసం కట్లెట్‌ని బాగా గిలకొట్టిన గుడ్డుసొనలో ముంచి, కాగే నూనెలో ఆ సొనని పైనుంచి చిలకరిస్తారు. అది జాలీలా పొంగి కట్లెట్ చుట్టూ అతుక్కుంటుంది. ఆ జాలీ నూనెని పట్టి ఉంచుతుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడు కరకరలాడేది, పది నిమిషాలాగితే మెత్తబడి నూనె కారుతుంది. అందుకే ఫొటోలు తర్వాత, తినడం ముందు. అన్నీ ఒకేసారి చెప్పకండి. మీ నలుగురికీ మొదటి విడతలో నాలుగు ఇన్‌ఫ్యూజన్లు, ఒక ప్లేటు ఉల్లి పకోడీ చాలు. అవి వచ్చాక మాంసం తినే ఇద్దరికీ కలిపి ఒక కబిరాజీ చెప్పండి. ఒక్కడికి ఒకటి బరువే. పక్కన కాసుంది, అంటే పులియబెట్టిన ఆవ ముద్ద, ఉంటే అడిగి వేయించుకోండి. మన ఆవకాయ నాలుకకి అది వెంటనే నచ్చుతుంది.

శాకాహారులకి ఉల్లి పకోడీ, టోస్టు, వెజ్ నూడుల్స్ లాంటివే ఉంటాయి. పైన రొట్టెపొడి అద్దిన ఏ చాప్ అయినా, కట్లెట్ అయినా లోపల కూరగాయలే ఉన్నా, పూత అంటుకోవడానికి గుడ్డు వాడి ఉండొచ్చు. "డిమ్ ఆఛే?", అంటే గుడ్డు ఉందా, అని అడిగాకే తినండి. మాంసం వేపిన బాణలిలోనే తమవీ వేపుతారేమో అని పట్టించుకునేవాళ్ళు కాఫీతో సరిపెట్టుకుని, సూర్య సేన్ స్ట్రీట్‌లోని పుటిరామ్ మిఠాయి దుకాణానికి నడవడం మేలు. అక్కడ కచోరీ, చోలార్ దాల్ (శనగపప్పు కూర) ఉదయంపూట వేడిగా దొరుకుతాయి. నిజానికి మీలో శాకాహారులిద్దరినీ ముందు అక్కడ ఫలహారం చేసి, తర్వాత కాఫీ హౌస్ ఎక్కమని నా సలహా.

డబ్బు బల్ల దగ్గరే కడతారు. వంద, యాభై నోట్లు విడిగా పెట్టుకోండి. ఐదువందలకి చిల్లర కోసం ఆగడం కంటే అది సుఖం. మంచినీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళండి.

గంటన్నర కూర్చుని కిందికి దిగితే పదకొండున్నరకి పుస్తకాల దుకాణాలు బాగా తెరిచి ఉంటాయి. పాత పుస్తకం కొనేముందు మధ్యలోవీ, చివరివీ పేజీలు తిప్పి చూడండి. చిరిగినవి, ముద్రణ మసకబారిన దొంగ ప్రతులూ కలిసి ఉంటాయి. చెప్పిన ధరకి బేరం మామూలే. వేసవిలో అయితే కాలేజ్ స్క్వేర్ చెరువు పక్కన 1918 నాటి పారామౌంట్ షర్బత్ దుకాణంలో డాబ్ షర్బత్, అంటే లేత కొబ్బరి కలిపిన కొబ్బరినీళ్ళు, తాగి వెళ్ళండి. అదే రోజు హౌరాలో రైలు ఉంటే రోడ్డుని నమ్మకండి. మళ్ళీ మెట్రోనే ఎక్కండి, స్టేషన్‌లో సామాను తీసుకోవడానికి అరగంట అదనంగా పెట్టుకోండి.