ఒకే ఇంట్లో ఒకరికే కోవిడ్ ఎందుకు ముదిరింది?

మీకు జలుబుతో పోయిన కోవిడ్ మీ తమ్ముడిని ఐసీయూ దాకా ఎందుకు తీసుకువెళ్లిందని, జన్యు పరీక్ష అవసరమా అని అడిగారు. కారణాల్లో వారసత్వానికీ వాటా ఉండవచ్చు: 3వ క్రోమోజోమ్‌లో నియాండర్తల్ మానవుల (అంతరించిపోయిన ప్రాచీన మానవ జాతి) నుంచి సంక్రమించిన ఒక డీఎన్‌ఏ ఖండం ఉన్నవారికి వ్యాధి ముదిరే అవకాశం ఎక్కువని 2020లో జన్యు శాస్త్రవేత్తలు జెబెర్గ్, పాబో చూపారు, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉంది. తల్లిదండ్రుల జంట ప్రతుల్లో ఒక్కొక్కటే పిల్లలకు వస్తుంది కనుక, అది తోబుట్టువుల్లో ఒకరికి దక్కి మరొకరికి దక్కకపోవచ్చు. అరుదుగా, ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండే టీఎల్ఆర్7 జన్యువులో లోపం ఉంటే, వైరస్‌ను తొలిదశలోనే అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ తగినంత తయారుకాదు. పురుషులకు ఆ క్రోమోజోమ్ ఒకటే కాబట్టి ఆ లోటు పూడ్చే రెండో ప్రతి ఉండదు. అయితే వయసు, మధుమేహం, ఊబకాయం లెక్కలోకి తీసుకోకుండా జన్యువులను తప్పుపట్టడం తొందరపాటు. మీ తమ్ముడు చిన్న వయసువాడై, ఏ జబ్బూ లేనివాడైతేనే రోగనిరోధక వైద్యనిపుణుణ్ణి కలిసి పరీక్ష గురించి అడగండి; లేకుంటే ఆ ఖర్చు దండగ.