కొబ్బరి పీచు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

చి. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కొబ్బరి పీచుతో నీళ్లలో సీసం తీసేస్తానని రాశావు. చాలా సంతోషమనిపించింది. అంబాజీపేట చుట్టుపక్కల డొక్కలకు కొదవ లేదు. పైగా సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదే లేదు. మంచి పనికే పూనుకున్నావు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. నీ పీచు ఎంత శాతం సీసం పట్టిందని కాదు, నీళ్లలో చివరికి ఎంత మిగిలిందని చూడు. చాలామంది లీటరుకు 100 మిల్లీగ్రాముల సీసం కలిపిన నీళ్లతో చేస్తారు. 99 శాతం పోయిందని సంబరపడతారు. కానీ ఇంకా 1 మిల్లీగ్రాము మిగిలే ఉంది కదా! తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునేది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. అంటే ఆ నీళ్లలో ఇంకా నూరు రెట్లు ఎక్కువ ఉన్నట్టు. అందుకని లీటరుకు 1 మిల్లీగ్రాముతోనూ, 0.1తోనూ మొదలుపెట్టి కూడా తప్పకుండా చెయ్యి. అంత తక్కువ కొలవడం మామూలు మంట ఏఏఎస్ (లోహాలు కొలిచే యంత్రం) వల్ల కాదు. అంతకంటే సూక్ష్మంగా కొలిచే గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఎక్కడుందో ఇప్పుడే వాకబు చేసి పెట్టుకో.

ఇక పీచు సంగతి. పచ్చి డొక్క పీచుని నీళ్లలో వేస్తే టానిన్లు దిగి టీ డికాక్షన్ రంగు వస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. ఆ తర్వాత పలచటి కాస్టిక్ సోడాలో నానబెడితే పైనున్న మైనం పొర పోయి, సీసం పట్టుకునే చోట్లు బయటపడతాయి. అవి కార్బాక్సిల్, ఫినాల్ గుంపులు. సీసం అయాను వచ్చి అక్కడ కూర్చుంటే హైడ్రోజనో, సోడియమో, కాల్షియమో వదిలిపోతుంది.

సోడా పెట్టాక మాత్రం కడగడంలో బద్ధకించకు. పీచులో క్షారం మిగిలితే నీళ్ల పీహెచ్ పెరిగి, సీసం హైడ్రాక్సైడై అడుక్కి దిగిపోతుంది. పీచే పట్టిందని నువ్వు అనుకుంటావు. పీహెచ్ 5, 5.5 మధ్య ఉంచి, సీసాలు కుదిపే షేకర్‌లో పెట్టేముందూ తీశాకా రెండుసార్లూ కొలిచి రాసుకో. మరీ పులుపైనా కష్టమే, హైడ్రోజనే ఆ చోట్లన్నీ ఆక్రమించుకుంటుంది. పీచు లేకుండానే ఎంత సీసం తగ్గుతోందో తెలియడానికి, పీచు వెయ్యని సీసం నీళ్ల సీసా ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టు. సీసం గాజుకి కూడా అంటుకుంటుంది, కాబట్టి నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసాలు వాడు.

డిస్టిల్డ్ వాటర్‌లో ఫలితాలు బాగా వచ్చాయని అక్కడితో ఆపెయ్యకు. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం సీసం కంటే ఎన్నో వందల రెట్లు ఉంటాయి, అవీ అదే చోటుకి పోటీ పడతాయి. ఉప్పదనం, కాఠిన్యం ఉన్న అసలు బోరు నీళ్లు తెచ్చి, అందులో సీసం కలిపి చెయ్యి. అంకెలు తగ్గుతాయి. తగ్గినవే థీసిస్‌లో పెట్టు, నిజంగా పనికొచ్చేవి అవే.

నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌కి కూడా ఇదే పీచు వాడొచ్చా అని వైవాలో ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఉత్త పీచుతో కుదరదు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ సీసంలా ధనావేశంతో కాక, నీళ్లలో రుణావేశంతోనో, ఆవేశమే లేకుండానో ఉంటాయి. వాటికి పీచు మీద ఇనుమో అల్యూమినియమో పూత పెట్టాలి. ఆరు వేలెన్సీ క్రోమియందైతే ఇంకో దారి, పీచు దాన్ని పీహెచ్ 2 దగ్గర బాగా పడుతుంది.

వాడేసిన పీచు గురించి నీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు, నాకు అదే బెంగ. సీసం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోంచి పీచులోకి మారిందంతే. యాసిడ్‌తో కడిగితే మళ్లీ నీళ్లలోకే వస్తుంది. దాన్ని మొక్కల కుండీల్లో వెయ్యకూడదు, ఎరువులో కలపకూడదు, కాల్చకూడదు. అది ప్రమాదకర వ్యర్థం, విశాఖ దగ్గరి పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల ట్రీట్‌మెంట్ కేంద్రానికి చేరాల్సిందే. మీ ల్యాబ్‌లో అలాంటి వాటికి విడిగా మూత డబ్బా ఉందో లేదో కనుక్కో. లేకపోతే పీచు తడపకముందే మీ గైడుగారికి చెప్పి పెట్టించు.

మొదటి రీడింగులు రాగానే, పీచు లేని సీసాతో సహా అన్నీ నాకు పంపు.

మీ అత్తయ్య